శెనక్కాయ మీద నిలబడ్డ మధ్యతరగతి

ఎకరా కొర్ర వేయాలంటే రెండు మూడు కిలోల విత్తనం చాలు. అది కొనే పని కూడా లేదు. పోయినేటి గింజల్లోంచి కాసిని తీసి, బూడిద కలిపి కుండలో దాచుకుంటే సరిపోతుంది. అదే ఎకరా శెనక్కాయ వేయాలంటే నలభై నుంచి యాభై కిలోల ఒలిచిన గింజలు కావాలి. వాటిని దాచడానికి చోటు కావాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి, ఇంట్లో పిల్లల చేతికి అందకుండా చూసుకోవాలి. ఒక్క ఏడు వాన ఎగ్గొట్టిందంటే మరుసటేటికి విత్తనమే ఉండదు. అప్పు చేయాల్సిందే. అనంతపురం మెట్ట రైతు గురించి ఎవరైనా అడిగితే నేను ఈ విత్తనాల లెక్క దగ్గరే మొదలుపెడతాను. బ్యాంకు, మండీ, ఇన్సూరెన్సు, రుణమాఫీ, చివరికి బెంగళూరు, అమెరికా అన్నీ ఇక్కణ్ణుంచే బయల్దేరతాయి.

(మిగతా చోట్ల వేరుశనగ అంటారు, పల్లీలంటారు. మావైపు శెనక్కాయే. ఈ వ్యాసంలోనూ అదే.)

అమెరికన్ మధ్యతరగతి కుంచించుకుపోతోందని చెప్పే వ్యాసాలు మీరూ నేనూ చాలానే చదివుంటాం. ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క ప్రకారం అక్కడి పెద్దవాళ్ళలో మధ్య ఆదాయ కుటుంబాల్లో బతికేవాళ్ళు 1971లో 61 శాతం, 2021లో 50 శాతం. తగ్గినవాళ్ళలో కొందరు పైకెళ్ళారు, కొందరు కిందికెళ్ళారు. ఈ చర్చలో నాకు బాగా పనికొచ్చిన మాట జేకబ్ హ్యాకర్ అనే రాజనీతి శాస్త్రవేత్తది. 2006లో ఆయన రాసిన పుస్తకం పేరు ‘ది గ్రేట్ రిస్క్ షిఫ్ట్’. ఆయన చెప్పేదేంటంటే, అసలు మార్పును జీతాల్లో మాత్రమే వెతికితే దొరకదు. ఒకప్పుడు కంపెనీ, ప్రభుత్వం మోసిన రిస్కును మెల్లగా కుటుంబం నెత్తిన పెట్టేశారు. పెన్షన్ పోయి సొంత పొదుపు ఖాతా వచ్చింది. ఉద్యోగం పోతే ఆసుపత్రి ఖర్చు ఎవరిదన్నది ఇంటి సమస్య అయింది. ఆదాయం అంతే ఉన్నా, కాలు జారితే పట్టుకునేవాళ్ళు లేకుండా పోయారు.

ఈ మాట పట్టుకుని చిలమత్తూరు చరిత్ర చదవొచ్చని నాకనిపిస్తుంది. ఇక్కడ రిస్కు అంటే వాన. వాన రాకపోతే వచ్చే నష్టం ఎవరు మోయాలి? గత యాభై అరవై ఏళ్ళలో ఇక్కడొక మధ్యతరగతి పుట్టిందన్నా, అది చెదిరిపోయిందన్నా, ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పడం వల్లే.

*

చిలమత్తూరు పాత హిందూపురం తాలూకాలోది. ఓ పక్క లేపాక్షి, ఇంకో పక్క గోరంట్ల, సరిహద్దు దాటితే కర్ణాటకలోని బాగేపల్లి. బెంగళూరు-హైదరాబాదు హైవే మీద రాష్ట్రం మొదలయ్యే కొడికొండ చెక్‌పోస్టు ఈ మండలంలోనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, చరిత్ర మాట్లాడేటప్పుడు అనంతపురం అనకుండా కుదరదు. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఎప్పుడు పడుతుందో, ఏ ఊళ్ళో పడి ఏ ఊరిని వదిలేస్తుందో తెలియదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అవుతాయి, ఈశాన్యం ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతుంది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, థామస్ మన్రో ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరుగా ఉన్నాడు. రైతువారీ పద్ధతికి రూపమిచ్చిన నేలల్లో ఇదొకటి. మధ్యలో జమీందారు లేడు, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు. దీన్ని రైతుకు దక్కిన స్వాతంత్ర్యంగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నిజమే, పట్టా వచ్చింది. కానీ పంట పోయినప్పుడు శిస్తు బాధ్యత కూడా నేరుగా రైతుదే అయింది. 1876-78 కరువు ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం దాన్ని ధాత కరువనే గుర్తుంచుకున్నారు. లక్షల మంది చచ్చిపోయాకే తెల్లదొరలు ఫ్యామిన్ కమిషన్ వేశారు, కరువు కోడ్ రాశారు. మనిషి చావకుండా చూడటం సర్కారు పని అని అందులో ఒప్పుకున్నారు. చావకుండా చూడటం వరకే. బతుకు నిలబడటం రైతు చూసుకోవాలి.

అప్పటి రైతు తన రిస్కును తనే కొంత చూసుకునేవాడు. కొర్ర, సజ్జ, జొన్న, అరిక, ఉలవ, అనుమ, కంది, ఆముదం ఒకే చేన్లో సాళ్ళు సాళ్ళుగా వేసేవాడు. ఒకటి పోతే ఇంకోటి నిలబడేది. మిగిలిన గింజ పాతరలోకి పోయేది. ఇలా రాస్తే స్వర్ణయుగంలా వినిపిస్తుంది, కాదు. ఆ పద్ధతిలో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడలేదు. కూలీలకు, అందులోనూ దళితులకు, పాతరలో వాటా లేదు. విద్వాన్ విశ్వం 1956లో ‘పెన్నేటి పాట’ రాసేనాటికి ఈ నేల మీద కనబడేది ముఖ్యంగా ఎండిన ఏరు, దాని ఒడ్డున ఎండిన మనుషులు. మధ్యతరగతి అని వేలుపెట్టి చూపించగల గుంపు పల్లెల్లో దాదాపుగా లేదు.

దాన్ని శెనక్కాయ తయారుచేసింది.

*

దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ కాయ పంతొమ్మిదో శతాబ్దంలోనే మద్రాసు రాష్ట్రంలో ఎగుమతి పంట అయింది. పాండిచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ సబ్బుల ఫ్యాక్టరీల దాకా పోయేది. అనంతపురంలో దాని విజృంభణ మాత్రం 1960ల తర్వాతి కథ. 1990ల నాటికి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లు దాటి అదే పంట. దేశంలో ఏ జిల్లాలోనూ ఇంత శెనక్కాయ లేదన్నారు. అందులో ఎక్కువ భాగం వేసింది టీఎంవీ-2 అనే రకం, 1940లో తిండివనంలో విడుదలైంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా అదే విత్తనం వేస్తున్నారంటే రైతు మొండితనం అని కొందరు వ్యవసాయ అధికారులు తేల్చేసేవాళ్ళు. నిజానికి ఎర్రనేలలో, వాన మధ్యలో ఆగిపోయినా, ఊడలు దిగే సమయానికి ఒక్క పదును దొరికితే ఎంతో కొంత కాయ ఇచ్చే రకం అది. కాయ లేకపోయినా కట్టె ఉంటుంది, పశువులకు వామి వేసుకోవచ్చు. రైతు లెక్కలేం తప్పు కాదు.

అయితే విత్తనం ఖర్చు మాటేంటి? 1969 జూలైలో పద్నాలుగు బ్యాంకులు జాతీయం కావడం ఇక్కడ చాలా పెద్ద సంగతి. సిండికేట్ బ్యాంకు పల్లెలకొచ్చింది, 1979లో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు పుట్టింది. పట్టా పాస్‌బుక్ పెడితే పంట రుణం. షావుకారు వడ్డీ నూటికి రెండు, మూడు రూపాయలు, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. బ్యాంకు వడ్డీ అందులో సగం లోపే. దీనితో పాటు 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తిండి కోసం కొర్ర, రాగి వేసుకోవాల్సిన అవసరం తగ్గింది. చేనంతా అమ్ముకునే పంటే వేయొచ్చు. 1985 నుంచి పంటల బీమా. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. విదేశాల నుంచి నూనె కొనే ఖర్చు తగ్గించడం దాని లక్ష్యం కాబట్టి దిగుమతులను కట్టడి చేశారు. 1990ల మొదట్లో దేశం తన వంటనూనె దాదాపు అంతా తనే పండించుకునే స్థితికొచ్చింది.

అంటే విత్తనానికి బ్యాంకు, తిండికి రేషన్ షాపు, పంట పోతే బీమా, ధరకు దిగుమతుల కట్టడి. రైతు నెత్తి మీది బరువును నాలుగు వైపుల నుంచీ ఎవరో ఒకరు కొంచెం కొంచెం పట్టుకున్నారు. ఎనిమిది పదెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు ఉన్న ఇల్లు ఈ పదిహేనేళ్ళలోనే నిలదొక్కుకుంది. మట్టి మిద్దె పోయి ఆర్‌సీసీ ఇల్లు, కొడుకు హిందూపురంలో హైస్కూలు, తర్వాత అనంతపురంలో డిగ్రీ, ఒక టీవీయస్ మోపెడ్, భార్య మెడలో నాలుగైదు తులాలు. శెనక్కాయ డబ్బుతో చదివిన మొదటి తరం టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, రచయితలు కూడా ఆ కాలపు వాళ్ళే.

వాళ్ళు కష్టపడలేదని కాదు. కానీ కష్టం ముందూ ఉంది, తర్వాతా ఉంది. ముందూ తర్వాతా లేనిది ఆ నాలుగు పట్టులు.

అమెరికాలో జరిగిందీ ఇంచుమించు ఇదే. 1944 జీఐ బిల్లుతో సైనికులకు కాలేజీ చదువు, ఇంటి రుణం. 1947లో లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ మొదలై, ఒకే అచ్చులో పోసినట్టు వేల ఇళ్ళు లేచాయి. 1950ల్లో కార్మికుల్లో సుమారు మూడోవంతు యూనియన్లలో ఉన్నారు. అది స్వయంకృషి కథ అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు, మనవాళ్ళు మనకథను చెప్పుకున్నట్టే. లెవిట్‌టౌన్‌లో నల్లవాళ్ళకు ఇల్లు అమ్మలేదు. చిలమత్తూరు వైపు డీకేటీ పట్టా భూములున్న దళితులకు, సొంత పట్టా ఉన్న రైతుకు దొరికినంత సులువుగా బ్యాంకు అప్పు దొరకలేదు. మధ్యతరగతిని తయారుచేసేటప్పుడు ఎవరిని బయట ఉంచాలో కూడా అప్పుడే తేలిపోతుంది.

*

1994లో పామోలిన్ దిగుమతిని ఎవరైనా చేసుకోవచ్చని ప్రభుత్వం తలుపు తెరిచింది. అప్పటికి సుంకం 65 శాతం. 1998కి అది 15 శాతానికి దిగింది. 2008లో, ధరలు మండిపోతున్నాయని, ముడి వంటనూనెల మీద సుంకం పూర్తిగా ఎత్తేశారు. పట్నంలో నూనె కొనుక్కునే మధ్యతరగతికి ఇది ఊరట, సందేహం లేదు. మలేసియా, ఇండొనేసియా పామాయిల్ లీటరు చౌక. రేషన్ షాపుల్లో అదే ఇచ్చారు. చివరికి శెనక్కాయ పండించే ఇంట్లో బజ్జీలు వేగేది కూడా పామాయిల్లోనే. తన పంట ధర పడగొట్టిన నూనెను రైతు తనే చౌకగా కొనుక్కున్నాడు. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే.

సరిగ్గా అదే కాలంలో ఆకాశం కూడా మొహం చాటేసింది. 2000లో కాండం కుళ్ళు వైరస్ జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయను తినేసింది. ఆ తర్వాత వరుస కరువులు. 2003లో అనంతపురం జిల్లాలో గంజి కేంద్రాలు వెలిశాయి. పి. సాయినాథ్ లాంటి వాళ్ళు వచ్చి రాశారు. రైతుల ఆత్మహత్యలు పత్రికల్లో రోజువారీ వార్త అయ్యాయి. 2004లో కొత్త ప్రభుత్వం జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది.

ఈ సంగతులు చాలామంది రాశారు. కథల్లోనూ బాగానే వచ్చాయి. సింగమనేని నారాయణ ఒక కథకు ‘జూదం’ అని పేరు పెట్టడంలోనే సేద్యం ఏమైపోయిందో తెలుస్తుంది. నేను కాస్త ఎక్కువసేపు ఆగాలనుకునేది పెద్దగా ఎవరూ కథ చేయని కాగితాల దగ్గర.

బీమానే తీసుకోండి. 2020 దాకా పంట రుణం తీసుకున్నవాడికి అది తప్పనిసరిగా ఉండేది, ప్రీమియం అప్పులోనే పట్టుకునేవాళ్ళు. నష్టాన్ని మాత్రం మీ చేను చూసి లెక్కకట్టరు, ఒక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకుని పంటకోత ప్రయోగాలు చేసి సగటు తీస్తారు. ఊరికో రకంగా వాన పడే నేల మీద ఈ సగటు ఎంత క్రూరమైందో చెప్పక్కర్లేదు. పక్కూరి చెరువు నిండితే మీ ఎండిన చేనుకు పరిహారం తగ్గుతుంది. ఒకవేళ వచ్చినా ముందు అప్పు ఖాతాలోకి పోతుంది. అందుకే రైతులు దాన్ని బ్యాంకు తనకు తాను చేసుకున్న బీమా అనుకున్నారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

తర్వాత రెన్యువల్. అప్పు తీర్చలేని రైతు ప్రైవేటు ఫైనాన్స్ దగ్గర పదిరోజులకు డబ్బు తెచ్చి పొద్దున బ్యాంకులో కడతాడు, తర్వాత బ్యాంకు కొత్త రుణం ఇస్తుంది, అది తెచ్చి ఫైనాన్స్ వాడికి ఇస్తాడు. బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. కాగితం మీద అతను క్రమం తప్పకుండా కట్టే మంచి ఖాతాదారు. చేతిలో పైసా మిగల్లేదు, పైగా పదిరోజుల వడ్డీ.

ఇక 2008. కేంద్ర బడ్జెట్‌లో 60 వేల కోట్ల రుణమాఫీ ప్రకటించారు. అయిదెకరాల లోపు, అంటే రెండు హెక్టార్ల లోపు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు బకాయి మొత్తం మాఫీ. అంతకు మించి భూమి ఉంటే నాలుగో వంతు మాత్రమే మాఫీ, అదీ మిగతా మూడొంతులు కట్టేస్తేనే. గోదావరి డెల్టాలో రెండు పంటలు పండే నాలుగున్నర ఎకరాల మాగాణి ఉన్నాయన చిన్న రైతు. చిలమత్తూరులో ఏడెకరాల ఎర్రమెట్ట మీద మూడేళ్ళకోసారి పంట చూసే మనిషి పెద్ద రైతు! కరువు ప్రాంతాల గురించి గొడవ జరిగాక, ఆ జిల్లాల్లో నాలుగో వంతు లేదా 20 వేల రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని సవరించారు. అప్పటికే లక్ష దాటి పెరిగిన బకాయిలకు అదెంత?

మెట్ట ఎకరా, మాగాణి ఎకరా ఒకటి కావని సర్కారుకు తెలియక కాదు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం తీసి చూడండి. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. ఒక మాగాణి ఎకరాకు రెండు నుంచి మూడున్నర మెట్ట ఎకరాలు సమానమని చట్టంలోనే ఉంది. భూమి తీసుకోవాల్సి వచ్చినప్పుడు తెలిసిన తేడా, అప్పు మాఫీ చేయాల్సి వచ్చినప్పుడు గుర్తు రాలేదు. 1973 లెక్కనే 2008లో వాడుంటే పదెకరాల మెట్ట రైతు కూడా చిన్నరైతే అయ్యేవాడు.

ఇంకో చిత్రం. 2007 డిసెంబరు 31 నాటికి గడువు మీరిన బకాయిలకే మాఫీ. బుక్ అడ్జస్ట్‌మెంట్ చేసి ఖాతా శుభ్రంగా ఉంచుకున్నవాడికి ఏమీ లేదు. షావుకారు అప్పుకు ఎలాగూ లేదు. పరువు కోసం కట్టినవాడు పరువుతోనే మిగిలాడు.

*

అమెరికాలో శెనక్కాయ రైతుకు ఏమైందో ఇక్కడే చెప్పాలి. 1977లో అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ కుటుంబానిది జార్జియాలో శెనక్కాయ వ్యాపారం. ఆ దక్షిణాది రాష్ట్రాల్లో 1930ల నాటి చట్టాల వారసత్వంగా కోటా పద్ధతి ఉండేది. కోటా ఉన్న పంటకు ప్రభుత్వం మద్దతు ధర, 1996 తర్వాత టన్నుకు 610 డాలర్లు. బయటి కాయ రాకుండా గట్టి పరిమితులు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే దేశం తన శెనక్కాయను అలా కాపాడుకుంది. 2002 వ్యవసాయ చట్టం ఆ కోటాను రద్దు చేసింది. రద్దు చేసి ఊరుకోలేదు, కోటా ఉన్నవాళ్ళకు పౌండుకు ఏడాదికి 11 సెంట్ల చొప్పున అయిదేళ్ళు పరిహారం ఇచ్చింది. అందులో చాలామంది సొంతంగా సేద్యం చేయనివాళ్ళు, కోటాను కౌలుకిచ్చుకుని బతికేవాళ్ళు. అయినా ఒక పద్ధతిని నమ్ముకుని బతుకు కట్టుకున్నవాడి కింద నుంచి దాన్ని లాగేస్తే ధర చెల్లించాలి అనే సూత్రాన్ని అక్కడ ఒప్పుకున్నారు. 1994లో మన దగ్గర తలుపు తెరిచినప్పుడు శెనక్కాయ రైతుకు ఇదిగో నీకు రావాల్సింది అన్న మాట ఏ కాగితంలోనూ లేదు.

అమెరికా రైతులందరికీ ఇలా జరిగిందని కాదు. 1970ల్లో ధరలు బాగున్నాయని భూమి తనఖా పెట్టి ఇంకా భూమి కొన్న మిడ్‌వెస్ట్ రైతులు, 1980 చివరికి వడ్డీ రేట్లు 20 శాతం దాటేసరికి కుప్పకూలారు. 1985 సెప్టెంబరులో విల్లీ నెల్సన్, నీల్ యంగ్, జాన్ మెలెన్‌క్యాంప్ ఇలినాయ్‌లో ఫార్మ్ ఎయిడ్ కచేరీ పెట్టింది వాళ్ళ కోసమే. నగరాల్లో మధ్యతరగతి వంతు ఆ తర్వాత వచ్చింది. జీతం పెరగకపోతే ఇంటి విలువ మీద అప్పు తెచ్చుకుని ఖర్చులు గడుపుకున్నారు, 2008లో ఆ ఇల్లే మునిగింది. మావైపు ఆ ఇంటి పాత్ర బంగారానిది. శెనక్కాయ విత్తనానికి, బోరు వేయడానికి, ఆసుపత్రికి, అన్నింటికీ ఆడవాళ్ళ మెడలోదే ముందు బయటికొస్తుంది. ఈ జిల్లాలో అసలైన పంటల బీమా ఎవరు కట్టారని అడిగితే నేను భార్యలు, తల్లులు అంటాను. కట్టినవాళ్ళ పేరు మాత్రం పట్టాలో లేదు, బ్యాంకు రుణంలో లేదు, మాఫీ జాబితాలో అంతకంటే లేదు.

బార్బరా ఎరెన్‌రైక్ 1989లో అమెరికన్ మధ్యతరగతి మీద ఒక పుస్తకం రాసి, దానికి పడిపోతామనే భయం అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ భయాన్ని చూడాలంటే 2006 తర్వాత మా పల్లెలకు రావాల్సింది. ఉపాధి హామీ పథకాన్ని ఆ ఏడు ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కూలీలకు అది నిజంగా ఊపిరి, ఊళ్ళో కూలి రేటు పెరిగింది. ఎనిమిదెకరాలున్న రైతుకు ఆ కూలి రేటు కట్టే శక్తి లేదు, తనే గంప ఎత్తుకుని కరువు పనికి పోవాలంటే మొహం చెల్లదు. నిన్నటిదాకా తన చేన్లో కలుపు తీసినవాళ్ళ పక్కన నిలబడాలి. కొందరు మొదట పక్కూరి పనికి వెళ్ళారు, ఎవరూ చూడని చోటికి. తర్వాత తర్వాత సొంతూళ్ళోనే వెళ్ళారు. ఈ బాధలో కులాహంకారం ఉందనేది నిజం. అంతకంటే ఎక్కువ ఆకలి ఉందనేదీ నిజం.

*

పట్టు గురించి కొద్దిగా. హిందూపురం, చిలమత్తూరు వైపు శెనక్కాయకు తోడు మల్బరీ ఉంది. బోరులో నీళ్ళున్న రైతు ఒకటి రెండెకరాలు మల్బరీ వేసి, పురుగులు మేపి, చంద్రికల్లో గూళ్ళు కట్టించి హిందూపురం మార్కెట్‌కు తోలతాడు. నెలా నెలన్నరకు ఒక పంట, చేతికి డబ్బు. జీతానికి దగ్గరగా ఉన్న సేద్యం ఇదొక్కటే. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకం 30 నుంచి ఒక్కసారిగా 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు వచ్చింది, గూళ్ళ ధర కుప్పకూలింది. రెండేళ్ళకు సుంకాన్ని మళ్ళీ 15కు పెంచారు. ఈలోపు ఎందరో మల్బరీ పీకేశారు. శెనక్కాయలో పద్నాలుగేళ్ళు పట్టింది, పట్టులో ఒక్క రాత్రిలో అయిపోయింది, కథ మాత్రం ఒకటే.

నీళ్ళు కూడా అంతే. రెండు వందల అడుగుల్లో పడిన నీళ్ళు వెయ్యి అడుగులకు పోయాయి. ఒక బోరు ఎండితే ఇంకోటి. చెరువు ఊరంతటిదీ, బోరు ఒక్కడిది. చెరువు ఎండితే ఊరు మాట్లాడుతుంది, బోరు ఎండితే ఆ ఇల్లొక్కటే మాట్లాడుకోవాలి.

*

2008 మే నెలలో దేవనహళ్ళిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరిచారు. అదే హైవే మీద ఇంకాస్త ఉత్తరానికి వస్తే కొడికొండ. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు. పంట పండని ఎర్రనేలకు ఉన్నట్టుండి ధర వచ్చింది. ఆ కాలంలోనే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో కేటాయించారు. అందులో పేదలకిచ్చిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఉద్యోగాలొస్తాయన్నారు. హబ్ రాలేదు. ఆ భూములు సీబీఐ, ఈడీ కేసుల్లోకి, దివాలా ట్రిబ్యునల్ దాకా వెళ్ళాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానివల్ల కొందరికి పనులు దొరికాయి, కాదనలేం.

సొంత పట్టా ఉన్న మధ్య రైతుకు ఇప్పుడు ఒక కొత్త లెక్క వచ్చింది. పదెకరాల్లో ఏటా వచ్చే నష్టం ఒక పక్క, రోడ్డు పక్క రెండెకరాలు అమ్మితే వచ్చే డబ్బు ఇంకో పక్క. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పల్లెల నుంచి ఇంజినీరింగ్‌లో చేరడం మామూలైంది. ఫీజు సర్కారు కట్టినా హాస్టలు, కోచింగు, ఆ తర్వాత బెంగళూరులో ఉద్యోగం దొరికేదాకా పీజీ గది అద్దె ఇంటివాళ్ళే కట్టాలి. ఒక్కో ఎకరా అలా కరిగింది. ఇంజినీరింగ్ దాకా వెళ్ళనివాళ్ళు దొడ్డబళ్ళాపురం గార్మెంట్లకు, బెంగళూరులో సెక్యూరిటీ పనికి, ఆటోలకు. ఒకే ఇంట్లో అన్న వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్, తమ్ముడు యలహంకలో డెలివరీ. ఇద్దర్నీ కలిపి బెంగళూరులో సెటిలయ్యారు అంటారు ఊళ్ళో.

ఇంకాస్త దూరం వెళ్ళినవాళ్ళు అమెరికా వెళ్ళారు, ఎం.ఎస్. చేయడానికి. వాళ్ళు దిగింది హ్యాకర్ రాసిన దేశంలోకే. అక్కడ విద్యార్థుల అప్పులు లక్షన్నర కోట్ల డాలర్లు దాటిపోయాయి. చదువు అనేది ఒకప్పుడు సమాజం పెట్టే ఖర్చు, ఇప్పుడు పిల్లవాడి మీద పెట్టే తాకట్టు. మనవాళ్ళు ఆ తాకట్టును రూపాయల్లో మొదలుపెట్టి డాలర్లలో తీర్చాలి. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20 వేలు, ఎవరికన్నది లాటరీలో తేలుతుంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. వాన కోసం మొగులు చూసిన ఇంట్లో ఇప్పుడు వీసా లాటరీ ఫలితాల కోసం ఫోన్ చూస్తున్నారు.

ఇటు వైపు అప్పు ఎలా పుడుతుందో కూడా చూడాలి. బ్యాంకుల విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. అమెరికా చదువు ఏడున్నర లక్షల్లో ఎక్కడవుతుంది? పోనీ భూమి ఉంది కదా అంటే, చాలా బ్యాంకులు విద్యారుణానికి వ్యవసాయ భూమిని తనఖాగా తీసుకోవు. ఇల్లో, ఇంటి స్థలమో కావాలంటాయి. ఆ కొర్ర, శెనక్కాయ పండిన చేను అక్కడ ఆస్తి కింద లెక్కకు రాదు. దాన్ని లేఅవుట్ చేసేవాడికి అమ్మి, ఆ డబ్బుతో హిందూపురంలోనో బాగేపల్లిలోనో ఒక సైటు కొని, ఆ సైటు కాగితాలు బ్యాంకులో పెడితే అప్పుడు అబ్బాయి వీసా ఇంటర్వ్యూకు కావాల్సిన లెటరు వస్తుంది. సంతకాల వరసలో తండ్రి కో-అప్లికెంట్. ఆయనకు అరవై దగ్గర పడుతూ ఉంటుంది, బ్యాంకులో పాత పంట రుణం ఇంకా బుక్ అడ్జస్ట్‌మెంట్ మీదే నడుస్తూ ఉంటుంది.